మంగళవారం వంతు

"ఉల్లిగడ్డలు ఇంకిన్ని కొయ్యి, ఆరుగురు వస్తున్నరు" అన్నాడు బాపు గడప దగ్గర నిలబడి. అమ్మ తల ఎత్తకుండా ఇంకో నాలుగు ముందుకు లాక్కుంది. మస్కట్ వచ్చాక ఇది మాకు నాలుగో శుక్రవారం. సోమవారం మా విమానం.

పదో తరగతి పరీక్షలు కాగానే అమ్మా నేనూ నెల రోజులకు వచ్చాం. బాపు అస్రా మేడం విల్లాలో డ్రైవరు, ఆమె పిల్లలను బడికి తిప్పుతాడు. ఇంటి వెనక ఉన్న గదిని మేడం మాకు ఇచ్చింది. "పోయి హాయిగ తిరిగి రా రాజేశ్వరీ" అని మా ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లందరూ అమ్మను సాగనంపారు.

మొదటి వారమంతా నా డైరీలో ఈ వీధే ఉంది. ఇళ్లన్నీ తెల్లగా ఉంటాయి, ఒక్కో ఇంటి ముందు మూడు నాలుగు కార్లు. రోడ్డు మీద మనిషి కనబడడు. పిల్లలు సైకిళ్లను ఎక్కడ దిగితే అక్కడే పడేసి పోతారు, మర్నాటికీ అక్కడే ఉంటాయి. ప్రతి చెట్టు మొదట్లోకి ఒక సన్నని నల్ల పైపు వచ్చి, ఎవరూ అడగకుండానే నీళ్లు పోస్తుంది. మేడం బ్యాంకు ఉద్యోగానికి తన కారు తానే నడుపుకుంటూ వెళ్తుంది. శుక్రవారమైతే భర్త పక్క సీట్లో కునుకు తీస్తుంటాడు. అది చూసిన రోజు అమ్మ నన్ను మోచేత్తో పొడిచి ఎంత నవ్విందో. అయితే మా గది వెనకవైపు కాబట్టి నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పొద్దున్నే ఐదింటికి వెనక తలుపులు తెరుచుకుని, పనిచేసే ఆడవాళ్లు చీపుర్లతో, బకెట్లతో బయటికొస్తారు. ముందువైపు వాళ్లు లేచేసరికి వీధి ఎప్పుడూ అలాగే ఉన్నట్టు శుభ్రంగా ఉంటుంది.

అమ్మకు సముద్రం చూడాలని ఉంది. ఇక్కడి నుంచి కారులో పది నిమిషాలే. కానీ బాపుకు సెలవు శుక్రవారం ఒక్కటే, ఆ రోజు ఆయన పాత రూము వాళ్లు వస్తారు. పోయినేడు ఈ ఇంట్లో చేరకముందు బాపు పదకొండేళ్లు ఇదే ఊళ్లో అల్ మవాలే అనే పేటలో వాళ్లతో ఒకే రూములో ఉన్నాడు. "పాపం, ఇంటి తిండికి మొహం వాచి ఉన్నరు" అంటాడు. వాళ్లు తింటారు, నిద్రపోతారు, చాయ్ తాగుతారు, శనివారం డ్యూటీకి డబ్బాలు కట్టించుకుని పోతారు. మేము గిన్నెలు తోమేసరికి చీకటి పడుతుంది.

నిన్న సాయంత్రం మేడం మా గది దగ్గరికి వచ్చి, రేపు నాలుగింటికి పిల్లలతో సముద్రానికి పోతున్నాను, మీరూ రండి అని హిందీలో అమ్మనే చూస్తూ అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపే బాపు, "రేపు పని ఉంది మేడం, రారు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది గానీ, నేను ఎవరి ముందూ మాట్లాడే పిల్లను కాను.

ఇవాళ వాళ్లు రాత్రి భోజనానికి వస్తామన్నారు. మూడింటికే, అందరికన్నా ముందు, ఆ రూములో ఉండే జిలాని బాబాయి మటన్ పట్టుకుని వచ్చాడు. పొయ్యి దగ్గర చెమటలో తడిసిన అమ్మను చూసి, "అయ్యో వదినె, పోయేముందన్న గణపతన్నతోని వండించుకోకపోతివి?" అన్నాడు.

"ఆయనకు చాయ్ పెట్టుడే రాదు" అంది అమ్మ.

బాబాయి పకపకా నవ్వాడు. "గణపతన్నకా! రూముల మంగళారం అన్న వంతు. మటన్ వండిండంటే పక్క రూమోళ్లు ప్లేట్లు పట్టుకొని లైను కట్టేటోళ్లు. ఆ మసాల ఏంటిదో ఇప్పటికీ ఎవలికీ చెప్పడు!"

అమ్మ చేతిలో చాకు ఆగిపోయింది. బాపు కిటికీలోంచి ఏదో చూస్తున్నాడు, అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

నా తొమ్మిదో ఏట అమ్మకు టైఫాయిడ్ వచ్చింది. సెలవు మీద వచ్చిన బాపు అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. పీట మీద నిలబడి నేను వండిన అన్నం పలుకుగా ఉందని పక్కన పెట్టాడు. జ్వరంతోనే అమ్మ లేచి మళ్లీ వండింది. ఆ రోజు నాకు బాపు మీద కోపం రాలేదు, మగవాళ్లకు వంట రాదు కదా, పాపం ఆకలి అనుకున్నాను. ఇన్నేళ్లుగా దాచుకున్న ఆ జాలి అంతా ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియలేదు. అమ్మకూ అదే గుర్తొచ్చి ఉంటుంది. భయపడుతూ ఆమె మొహం చూశాను. అమ్మ పెదవులు అదురుతున్నాయి. తర్వాత, దేవుడా, ఆమె నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"పదకొండేండ్లు వండినవా?"

"రూముల చేయక తప్పదు గదనే" అని గొణిగాడు బాపు.

"ఇంట్ల నేనున్న గనుక తప్పింది. అంతేనా?"

జిలాని బాబాయి తాను ఏం చేశాడో అప్పుడు అర్థమై, "నేను కొత్తిమీర మర్చిపోయిన, తెస్త" అంటూ చెప్పులు వెతుక్కున్నాడు. అమ్మ గంటెను బాపు చేతిలో పెట్టి, పెట్టెలోంచి మంచి చీర తీసుకుని, మొహం కడుక్కోవడానికి పోయింది.

"ఏందే ఇది? మేడంకు రారని చెప్పిన గద!" అన్నాడు బాపు ఆమె వెనక నుంచి.

"నేను పోయి చెప్పొస్త, వస్తున్నమని" అన్నాను.

అంత గట్టిగా అన్నది నేనేనా అని నేనే ఆశ్చర్యపోయాను. ఎవరైనా ఆపుతారేమోనని చెప్పులు కూడా వేసుకోకుండా మేడం ఇంటి పచ్చగడ్డి మీదుగా పరిగెత్తాను.

నాలుగింటికి కారు హారన్ మోగింది. అమ్మ పెళ్లిళ్లకు కట్టే నీలం చీర కట్టుకుంది. మేము మెట్లు దిగుతుంటే వెనక నుంచి బాపు, "ఏమే, బియ్యం ఎన్ని గ్లాసులు పొయ్యాలె?" అని అరిచాడు.

"మంగళారం ఎన్ని పోస్తుంటివో గన్ని!" అంది అమ్మ, తిరిగి చూడకుండానే.

సముద్రం నేను అనుకున్నట్టు నీలంగా లేదు, ఆ వేళకు బెల్లం పాకంలా మెరుస్తోంది. అమ్మ ముందు చీలమండల దాకా, తర్వాత మోకాళ్ల దాకా దిగింది. అల తగిలినప్పుడల్లా చిన్న పిల్లలా కేక పెట్టింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆమె వేళ్లు నీళ్లలో ఊరికే కదులుతున్నాయి. మేడం పిల్లలు ఆమె మీద నీళ్లు చల్లితే, తిరిగి రెండు చేతులా చల్లింది. ఒడ్డున కూర్చున్న మేడం చప్పట్లు కొట్టింది.

సూర్యుడు దిగిపోతుంటే నా చేతిలో ఫోన్ మోగింది. బాపు. అమ్మ చెవి దగ్గర పెట్టాను.

"అందరొచ్చిండ్రు, కూర అయ్యింది. ఎప్పుడొస్తున్నరు? మీరు లేక ఎవలూ కూసుంటలేరు."

అమ్మ ఒక్క క్షణం ఒడ్డు వైపు చూసింది. తర్వాత కుచ్చిళ్లు ఇంకా పైకి పట్టుకుని, ఇంకో అడుగు లోపలికి వేసింది.

"మీరు తినుండ్రి" అంది. "మాకు తీసి పెట్టు."