మాలతిని మళ్ళీ చంపమన్నారు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే రోడ్డుకు కాస్త లోపలగా, మొన్నమొన్నటిదాకా జొన్న పండిన చేలల్లో లేచిన కాలనీ అది. ఇళ్ళయితే లేచాయి గానీ నీళ్ళు రాలేదు. రోజు విడిచి రోజు రాత్రి ఎనిమిదింటికి ట్యాంకరు వస్తుంది. అది హారన్ కొడితే పెళ్ళిపీటల మీద ఉన్నవాడైనా సరే బిందె పట్టుకొని పరిగెత్తాల్సిందే. ఇలాంటి కాలనీకి వార్షికోత్సవం చేయాలని సంఘం వాళ్ళకు బుద్ధి పుట్టింది. వార్షికోత్సవం అన్నాక నాటకం ఉండాలన్నారు కోస్తా నుంచి వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. పద్యనాటకమే ఉండాలన్నాడు బాపిరాజు. పాడేది తనే కాబట్టి.

బాపిరాజు బ్యాంకులో గుమాస్తా. పగలంతా ఎవరికీ కనిపించడు, వినిపించడు. గొంతు విప్పితే మాత్రం ఎదుటివాడు చేతిలో పని వదిలేసి వినాలి. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు నాటకాన్ని ఎవరో కాలేజీ మాస్టారు తెలుగు చేసి, పాత్రలకు మన పేర్లు పెట్టి ఆయనకు ఇచ్చాడు. కథ పెద్దదేమీ కాదు. జయసింహుడని ఒక సేనాపతి. వెంట తిరిగేవాడొకడు చెప్పిన చాడీలు నమ్మి భార్య మాలతిని అనుమానిస్తాడు, ఆఖరికి గొంతు నులిమి చంపేస్తాడు. చంపాక దాసి వచ్చి నిజం చెబుతుంది. మాలతి ఏ తప్పూ చేయలేదని తెలిసి జయసింహుడు ఆమె మీద పడి ఏడ్చి, తన కత్తితో తానే పొడుచుకుంటాడు.

మాస్టారు రాసిచ్చినదాంట్లో ఆ చాడీకోరు కుట్ర పన్నే సీన్లు బోలెడున్నాయి. అన్నీ వచనమే. వచనానికి ఎవడూ వన్స్‌మోర్ కొట్టడు. అందుకని బాపిరాజు వాటన్నిటికీ కత్తెర వేసి, పద్యాలున్న సీన్లు ఉంచాడు. కుట్ర సంగతి ఆఖర్న దాసి నోటితో నాలుగు మాటల్లో చెప్పిస్తే సరిపోతుందనుకున్నాడు. అంటే, ఆ ఆఖరి సీను వచ్చేదాకా మాలతి మంచిదో చెడ్డదో చూసేవాళ్ళకు తెలిసే దారి లేదు.

నాటకం వాళ్ళు కాక, కాలనీ మొత్తం మీద ఆ సంగతి ముందుగా తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె పేరు అరుణమ్మ. బాపిరాజు వాళ్ళ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక గోడ. ఆదివారం ఆదివారం అవతల నాటకం వాళ్ళు చేరి హార్మోనియం పెట్టుకొని సాధన చేస్తుంటే, ఇవతల ఆమె బియ్యం ఏరుతూ మొదటి నుంచి చివరిదాకా విన్నది. వినక ఎక్కడికి పోతుంది. మొగుడు బయటికి పోతూ పోతూ ఇంటికి తాళం వేసుకొని పోతాడు.

ఆ మొగుడి పేరు జనార్ధన్. అల్మాస్‌గూడలో తాతల నాటి భూమి అమ్మి, ఇక్కడ ఇల్లు కట్టి, ఇప్పుడు ఇతరుల భూములకు ప్లాట్ల బేరం కుదిరిస్తుంటాడు. బయట నలుగురిలో మాట మంచిది, చెయ్యి మంచిది. ఇంట్లోకి వస్తే మనిషి వేరు. మీటరు చూడ్డానికి వచ్చినవాడు దాహమంటే అరుణమ్మ గ్లాసెడు నీళ్ళిచ్చింది. ఆ గ్లాసు గురించి వారం రోజులు అడిగాడు. ఎందుకిచ్చినవ్, ఏమన్నడు, నవ్విండా. పోయిన నెల ఒకనాడు అడుగుతూ అడుగుతూ ఆమె మెడ మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచి తీసేశాడు. ఆ చెయ్యి మళ్ళీ పడుతుందని, ఈసారి తీస్తాడన్న నమ్మకం లేదని అరుణమ్మకు తెలుసు.

ఆమె చెప్పి చూసింది, ఏడ్చి చూసింది, దేవుడి పటం ముందు దీపం ఆర్పి ఒట్టేసి చూసింది. అతనికి ఆమె మాట ఎక్కదు. కానీ గోడ అవతల జయసింహుడు ఆఖరి సీనులో ఏడ్చే ఏడుపు విన్ననాడు ఆమెకొక ఆశ పుట్టింది. ఈ మనిషిని తీసుకెళ్ళి ఆ సీను ముందు కూర్చోబెడితే చాలు. తాను చెప్పలేనిది ఆ దాసి చెబుతుంది. మొగవాడి నోటి నుంచి, అంత పెద్ద గొంతుతో, తప్పు నాదేనన్న మాట అతని చెవిన ఒక్కసారి పడితే చాలు.

నాటకానికి పోదామంటే ఎందుకంటాడు. అందుకని మెల్లగా వేరే దారిన వచ్చింది.

"సంఘం ప్రెసిడెంటు అందర్నీ పిలుస్తుండట. మలక్‌పేట కెల్లి గూడ పెద్ద పెద్దోళ్ళు ఒస్తరంట. ప్లాట్లు కొనేటోళ్ళు దొర్కుతరు" అన్నది అన్నం పెడుతూ.

"నువ్వు గూడ ఒస్తవా?" అన్నాడు జనార్ధన్.

"నీ ఇష్టం."

ఇంట్లో వదిలి పోవడం కంటే కళ్ళ ముందు ఉంచుకోవడం మేలనుకున్నాడో ఏమో, సరేనన్నాడు.

ఆదివారం అయిదున్నరకల్లా ఖాళీ ప్లాటులో వేసిన షామియానా నిండింది. ముందు కుర్చీల్లో కోస్తావాళ్ళు, వెనక జంపఖానాల మీద చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. మధ్యలో తాడు కట్టి ఒక పక్క ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. జనార్ధన్ తాడుకు ఇవతల కూర్చొని, భార్యను తాడుకు అవతల, చెయ్యి చాపితే అందేంత దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. అరుణమ్మ పక్కన పూలమ్మ అనే ముసలమ్మ కాళ్ళు చాపుకొని తమలపాకులు నములుతోంది. ట్యాంకరు వేళకు నాటకం అయిపోతుందని ప్రెసిడెంటు మైకులో మాట ఇచ్చాడు.

మాట నిలబడేదే, బాపిరాజు అంత బాగా పాడకపోయి ఉంటే.

పెళ్ళి పద్యానికి ఒక వన్స్‌మోర్ పడింది. యుద్ధం పద్యానికి ఇంకొకటి. ముందు వరుసలో రిటైర్డ్ హెడ్మాస్టరు రామారావు చెయ్యి గాల్లో తిప్పుతూ, "అబ్బ, ఏం అఠాణా అండీ. గొంతా అది" అని అటూ ఇటూ తిరిగి అందరికీ చెబుతున్నాడు. వెనక ఊళ్ళవాళ్ళకు రాగాల పేర్లు తెలియవు గానీ ఒళ్ళు గగుర్పొడవడం తెలుసు. ఒకడు బీడీ ముట్టించుకోవడం మరిచి అగ్గిపుల్ల వేలిదాకా కాల్చుకున్నాడు. అరుణమ్మ మాత్రం ఆ పక్క కరెంటు స్తంభం మీద బల్బు చుట్టూ మూగుతున్న పురుగులను చూసి, పొద్దు ఎంత పోయిందో అంచనా కట్టుకుంటోంది.

అనుమానం పద్యం మొదలయ్యేసరికి జనార్ధన్ ముందుకు వంగాడు. అంతవరకు అతను ప్లాట్లు కొనేవాళ్ళ కోసం అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు చూపు తిప్పడం లేదు. భార్య నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే అని జయసింహుడు రాగం తీస్తుంటే అతని పెదవులు కదిలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళ కాపురంలో అరుణమ్మ అతని కళ్ళలో నీళ్ళు చూడలేదు. దారిన పడుతున్నాడు, ఇంక కాసేపు, ఇంక ఒక్క సీను అనుకొని ఆమె చెంగు పిడికిట్లో బిగించింది.

చంపే సీను వచ్చింది. మాలతి వేషం కట్టింది కోటేశ్వరమ్మ, విజయవాడ నుంచి పిలిపించిన ఆర్టిస్టు. ఆమె మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించింది. బాపిరాజు ఆమె గొంతు మీద రెండు చేతులూ వేసి పద్యం ఎత్తుకున్నాడు. చివరి పాదం మీద రాగం తీశాడు. అది తగ్గి, మళ్ళీ లేచి, ఇంక ఊపిరి ఉండదనుకున్నచోట ఇంకా పైకి పోయింది. రాగం ఆగేసరికి మాలతి తల వాలిపోయింది.

షామియానాలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు లేచింది.

"వన్స్‌మోర్."

అరుణమ్మ తల తిప్పింది. అరిచినవాడు జనార్ధన్. పుట్టి బుద్ధెరిగి పద్యనాటకం చూడనివాడు, ఆ మాట అరగంట కిందట ముందు వరుసవాళ్ళ నోట విని నేర్చుకున్నవాడు. వెంటనే ముందు వరుస అందుకుంది. వెనక నుంచి ఈలలు. పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే కాదనడానికి లేదు, చచ్చినవాళ్ళు కూడా లేచి రావాలి. కోటేశ్వరమ్మ లేచింది, కొంగు సవరించుకుంది, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని గొంతు అందించింది. బాపిరాజు మళ్ళీ చంపాడు.

మళ్ళీ వన్స్‌మోర్. మూడోసారి చంపబోతుంటే, "కాస్త వదులుగా పట్టుకోండి బాపిరాజు గారూ, నిజంగానే నొక్కుతున్నారు" అని కోటేశ్వరమ్మ గొణిగింది. మైకు దగ్గరగా ఉండటంతో అందరికీ వినిపించింది. జనం విరగబడి నవ్వారు. రామారావు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. జనార్ధన్ కూడా నవ్వాడు. అరుణమ్మకు తెలియకుండానే ఆమె చెయ్యి ఆమె మెడ దగ్గరికి పోయింది.

"ఏం జేసిందో ముండ" అంది పూలమ్మ ఆకు నములుతూ. "ఏం జెయ్యకుంటె గంత పెద్ద మనిషి ఊకెనే సంపుతడా బిడ్డా?"

"ఏం చెయ్యలేదవ్వా. జర ఆగు, చెప్తరు" అంది అరుణమ్మ, గొంతు బాగా తగ్గించి. ముసలమ్మకు సగం చెవుడు. తలూపి ఊరుకుంది.

నాలుగోసారి చంపమని వన్స్‌మోర్ అంటుండగా రోడ్డు మీద హారన్ మోగింది.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ముందు వరుస కుర్చీలు వెనక్కి పడ్డాయి. జంపఖానాల మీద చెప్పులు వెతుక్కునేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకునేవాళ్ళు, తాడు దాటేవాళ్ళు. రాగాలు తెలిసిన రామారావు అందరికంటే ముందున్నాడు.

"అయ్యా, దయచేసి కూర్చోండి. ఇంకో సీను ఉందండి. అసలు సంగతంతా అందులోనే ఉంది" అని బాపిరాజు మైకులో బతిమాలాడు. వినేవాడు లేడు. రాగానికి అంత కట్టుబడి కూర్చున్న జనం, నీళ్ళు అనేసరికి వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ళను అనీ లాభం లేదు. రేపు పొద్దున స్నానానికి దాసి మాటలు పనికిరావు.

జనార్ధన్ లేచాడు. "నడువ్. బిందెలు తియ్యాలె."

"జరసేపు కూసుందాం. ఇంకున్నదంటున్నరు గద."

"సచ్చినంక ఇంకేముంటది" అన్నాడు జనార్ధన్.

"రెండు బిందెల నీళ్ళున్నయ్ ఇంట్ల. ఇయ్యాలటికి సాల్తయ్." ఎప్పుడూ ఇంత పట్టుబట్టని మనిషి పట్టుబట్టేసరికి జనార్ధన్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి స్టేజి వైపు చూశాడు. స్టేజి మీద బాపిరాజు నిలబడి ఉన్నాడు. జనార్ధన్ వెనుదిరిగి నడిచాడు. అరుణమ్మ లేచి వెంట నడిచింది. వెనకాల దాసి వచ్చి ఖాళీ జంపఖానాలకు నిజం చెప్పడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేసేసరికి బిందెల మోతలో ఆ గొంతు కలిసిపోయింది.

ట్యాంకరు దగ్గర అందరి నోటా అదే పద్యం. సంఘం ప్రెసిడెంటు పైపు పట్టుకొని, "మొగోడంటే గట్లుండాలె" అన్నాడు. "ఎన్నడన్న గిట్లాంటి నాటకం జూసినమా. మనసులున్నది మొత్తం పాడిండు" అని ఇంకొకడు. జనార్ధన్ వాళ్ళతో కలిసి తల ఊపాడు. ఆడవాళ్ళలో ఒకరిద్దరు పాపమన్నారు. ఏం తప్పు చేసి ఉంటుందో అని మిగతావాళ్ళు వంతులు వేసుకొని ఊహించారు. ఒకామె మాలతికి మంత్రితో సంబంధమంది. ఇంకొకామె, కాదు, మరిదితోనంది. అరుణమ్మ బిందె నింపుకుంటూ విన్నది. ఈ నీళ్ళు పట్టుకుంటున్నవాళ్ళందరూ మంచివాళ్ళే. చెంబెడు పప్పు అడిగితే ఇస్తారు. రేపు తనకేమైనా అయితే కూడా ఇలాగే బిందెలు నింపుకుంటూ, ఏం చేసిందోనని ఊహిస్తారు.

ఇంటికి వచ్చాక జనార్ధన్ హుషారుగా ఉన్నాడు. కాళ్ళు కడుక్కుంటూ పద్యం చివరి పాదం గొణుగుతున్నాడు. రాగం రావడం లేదు, మాటలు మాత్రం బాగానే పట్టుకున్నాడు. కంచం ముందు కూర్చొని అడిగి మరీ చింతకాయ తొక్కు వేయించుకున్నాడు. ఇంత మంచిగా అతను మాట్లాడి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడు చెప్పకపోతే ఆ పాదం అతని లోపల అలాగే గడ్డకట్టుకుపోతుందని అరుణమ్మకు భయమేసింది. గరిటె పప్పు వేస్తూ చెప్పింది.

"ఆమె ఏం తప్పు జెయ్యలేదంట."

"ఎవరు?"

"మాలతి. గా పక్కనుండేటోడే లేనిపోనియి ఎక్కిచ్చిండంట. దాసామె ఒచ్చి నిజం జెప్తది. అప్పుడు గాయన ఆమె మీద పడి ఏడుస్తడు. తప్పు నాదే, నాదే అని ఏడ్చి, పొడ్సుకొని సస్తడు."

చెబుతుంటే ఆమెకే దుఃఖం వచ్చింది. ఆపుకొని అతని ముఖంలోకి చూసింది. తాను ఇన్నాళ్ళు చెప్పుకోలేనిదంతా ఆ నాలుగు మాటల్లో పెట్టి ఇచ్చింది. అందుకుంటాడేమోనని చూసింది.

జనార్ధన్ ముద్ద నములుతూ, "గట్లనా" అన్నాడు. ఇంకో ముద్ద కలిపాడు. కలుపుతున్న చెయ్యి ఆగింది.

"మనమిద్దరం కల్సే గద లేసొచ్చింది" అన్నాడు. "గది ఇంక ఆడనే లేదు. ఆఖరుకు ఏమైతదో నీకెట్ల ఎరుక?"

"గోడ అవుతల పాడుకుంటుంటె ఇనబడ్డది."

"ఎవరు పాడుకుంటుంటె?"

ఆమె పేరు చెప్పలేదు. చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

"తాళమేసి పోయిన ఇంట్లకు గూడ ఒస్తుండన్నట్టు" అన్నాడు జనార్ధన్ మెల్లగా. "గందుకేనా నాటకం నాటకం అని నన్ను గుంజుకపోయింది. లెవ్వమంటె లెవ్వకపాయె."

కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. ఏళ్ళ తరబడి వెతుకుతున్నది దొరికినవాడి ముఖంలా నిమ్మళంగా ఉంది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి, తువ్వాలతో చేతులు రెండూ శుభ్రంగా తుడుచుకున్నాడు.