చెవి కొలువు

“సౌండ్ మంచిగుండాలె, గంతే. తక్కినవి ఎట్లున్నా నడుస్తది” అన్నాడు మా ఆయన, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

పప్పు గిన్నె తోముతున్న నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, పెదాలు బాగా కదిలేలా “చీర మార్చుకొని వస్త, ఆగు” అన్నాను. ఎదురుగా నిలబడకుండా చెబితే నా మాట ఆయనకు చేరదు. మా ఆయన ఉమాకాంత్‌కు వినబడదు. ఈ సంగతి సూరత్‌లో నాకూ, మా బిడ్డ హారతికీ, ఒక డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు.

మేము సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లం. మీసాలు రాకముందే ఆయన సూరత్‌లోని ఉధ్నాలో సాంచాల మీదికెక్కాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఒక్క షెడ్డులో వరసలు వరసలుగా రాత్రింబవళ్లు నడుస్తుంటాయి. ఆ మోతలో పక్కవాడు చెవి దగ్గర అరిచినా వినబడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు గొంతుతో మాట్లాడుకోరు. పెదాలు కదిపి చెబుతారు, కళ్లతో వింటారు. పెళ్లయిన కొత్తలో సద్ది పట్టుకుని వెళ్లి షెడ్డు గుమ్మంలో నిలబడితే, అంత దూరం నుంచి పెదాలతోనే “ఏం కూర?” అని అడిగేవాడు. నేనూ పెదాలతోనే “వంకాయ” అనేదాన్ని. అప్పుడదొక సరదా. అందరి మధ్యా మాకు మాత్రమే తెలిసిన భాష దొరికినట్టు మురిసిపోయేదాన్ని. ఆ భాషలోనే ఇన్నేళ్లు కాపురం చేయాల్సి వస్తుందని ఎవరు చెప్పారు నాకు!

చెవులు ఒక్కసారిగా పోలేదు. ముందు ఫోను మోగితే తెలియడం మానేసింది, తర్వాత కుక్కరు కూత, ఆ తర్వాత హారతి గొంతు. డాక్టరు పరీక్ష చేసి చెవికి మిషన్ పెట్టుకోమన్నాడు. ఆయన తలూపి బయటికొచ్చి, మెట్లు దిగుతూ “నేనేమన్న ముసలోణ్ణా? మిషన్ ఎందుకే, నువ్వున్నవ్ గదా” అన్నాడు. ఆ మాట ప్రేమ అనుకుని చాలాకాలం గుండెల్లో దాచుకున్నాను, పిచ్చిదాన్ని. అది ఉద్యోగంలో చేర్చుకోవడం అని తర్వాత తెలిసింది. జీతం లేని కొలువు, సెలవు లేని కొలువు. ఆయనకొచ్చే ఫోన్లన్నీ నా ఫోనుకే వస్తాయి. షెడ్డు యజమాని సేఠ్ చెప్పింది విని ఆయనకు పెదాలతో చెప్పి, ఆయన మాట మళ్లీ సేఠ్‌కు చెప్పాలి. బ్యాంకుకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా ఆయనకు కుడిపక్క నేనుండాలి. అవతలివాళ్లు అన్నది నేను గొంతు లేకుండా పెదాలతో అందించాలి. అదీ ఎవరి కంటా పడకుండా. చెవిటోడని తెలిస్తే సాంచాలు చూసుకునే మాస్టరు పనిలోంచి సేఠ్ తీసేస్తాడని మొదట భయపడ్డాడు. ఆ భయంలో న్యాయం ఉంది, కాదనను. పోనుపోను అది మగతనం సంగతైపోయింది.

ఇంతా చేస్తే నాకొచ్చిన పేరు గయ్యాళి. ఇంట్లో వెనక నుంచి పిలవాలంటే అరవాలి కదా. అరిచీ అరిచీ నా గొంతు అలాగే నిలిచిపోయింది, కూరగాయలవాడితో కూడా కొట్లాడుతున్నట్టే మాట్లాడతాను. మా అత్త భూదేవమ్మ డిండోలిలో మా గల్లీ అంతా వినేలా అంటుంది: “ఆడదాని గొంతు గడప దాటద్దంటరు. దీనిది గల్లీ దాటుతున్నది. నా కొడుకుకేం తక్కువ, జర పరధ్యానం గంతే.” కామ్‌రేజ్‌లో ఉండే మా ఆడబిడ్డ లతదింకో పాట. “మా అన్న నోట్లె మాట నోట్లెనే గుంజుకుంటవ్ వదినా! ఆయన్ని గూడ జరంత మాట్లాడనియ్యరాదు” అని నలుగురిలో నవ్వుతూ అంటుంది. ఆయన నవ్వుతాడు. ఏమన్నదో వినబడక నవ్వుతాడు. ఆ మాట కూడా ఆయనకు నేనే అందించాలి కదా, అందించను. మింగేస్తాను.

అన్నిటికంటే పెద్ద కష్టం అది కాదు. మెల్లగా చెప్పాల్సిన మాటలుంటాయి మనిషికి. హారతిని వడోదరా హాస్టల్లో దింపి వచ్చిన సాయంత్రం, అన్నం పెడుతూ “పిల్ల లేక ఇల్లు బోసిపోయింది” అన్నాను. ఆయన తలెత్తలేదు. మళ్లీ అన్నాను. “ఆఁ? ఏంది?” అన్నాడు పళ్లెంలోకే చూస్తూ. మూడోసారి అరిచాను. అరిచేసరికి అందులో దుఃఖమంతా పోయి తిట్టులాగా తయారైంది. “పొద్దువోయి లొల్లెందుకే” అని విసుక్కున్నాడు. పక్కింటి చిన్నవ్వ గోడ అవతల నుంచి “ఏమైందే బిడ్డా, కొట్లాటనా?” అని అడిగింది. ఇంకెప్పుడూ అలాంటి మాట చెప్పలేదు నేను. చెవులు పోయింది ఆయనకే, ఒంటరిదాన్నయింది మాత్రం నేను.

హారతి సెలవులకు వచ్చినప్పుడు తన చిన్న పాటల ప్లేయరు నాకిచ్చింది. అగ్గిపెట్టెకు కాస్త పెద్దది. “అమ్మా, దీంట్ల ఫోన్లు రావు. ఎవ్వరు పిలువరు. నువ్వు పాటలే ఇను” అంది. నాకు నచ్చినవన్నీ అడిగి మరీ ఎక్కించింది. వాటిలో ఒకామె పాటలుంటాయి. గొంతు ఒక్కచోట కూడా పెంచదు. పక్కన పడుకున్న పిల్లకు చెబుతున్నట్టు పాడుతుంది. నేను ఇంటి దగ్గర ధాగా కటింగ్ చేస్తాను, అంటే ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని. ఆ పని చేస్తూ వింటే ఎంత బాగుంటుంది! కానీ వినేదెప్పుడు? ఇయర్‌ఫోన్లు రెండూ పెట్టుకుంటే తలుపు కొట్టింది ఎవరు వినాలి, సేఠ్ ఫోను ఎవరు ఎత్తాలి, అత్త పిలుపుకు ఎవరు పలకాలి? ఇంట్లో అందరికీ ఉన్నవి నా చెవులే కదా. ఒక చెవిలో పాట, ఒక చెవిలో కొలువు.

ఈమధ్య ఆయన సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాడు. ఆదివారం ఆదివారం కామ్‌రేజ్‌లో లత ఇంటికి కారులో వెళ్లడం ఆయనకు గొప్ప. నడిపేది ఆయన, వినేది నేను. వెనక హారన్ మోగితే ఎటువైపు లారీ వస్తే ఆ భుజం తట్టాలి. పక్కింటివాళ్లు మాత్రం “అక్కకేంది, రాణిలెక్క ముందు సీట్ల కూసొని పోతది” అంటారు. కారులో ఉన్న పాటల సెట్టు పాడైపోయింది. కొత్తది వేయిద్దామని ఆయనే అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా, “నీ పాటలు గూడ పెట్టుకోవచ్చు” అన్నాడు. ఆ మాట పట్టుకుని వారమంతా పండగ చేసుకున్నాను. రెండు చెవులా వినే ఆ కాస్త దారి నాకు దొరుకుతుందని. హారతికి ఫోన్ చేసి అడిగాను. “నీ ప్లేయర్‌ది పాతకాలం అమ్మా, బ్లూటూత్ లేదు. సెట్టు ముందల ఇయర్‌ఫోన్ పెట్టే అసుంటి గుండ్రటి బొక్క ఉండాలె. ఆక్స్ అంటరు. కొత్త మోడల్లల్ల తీసేస్తున్నరు, చూసి తీసుకో” అని చెప్పి, “నువ్వే అడుగమ్మా. బాపు అడుగడు” అంది. ప్లేయరును సెట్టుకు కలిపే వైరు కూడా కొని పర్సులో పెట్టుకున్నాను.

చీర మార్చుకుని ఆయన వెంట వెళ్లిన దుకాణం ఉధ్నా మెయిన్ రోడ్డు మీద ఉంది, గోడంతా సెట్లే. దుకాణదారు పెద్దమనిషి, గుజరాతీ ఆయన. కుర్చీ మా ఆయనకు వేశాడు, మాటలూ మా ఆయనతోనే. టీవీ అంత స్క్రీన్ ఉన్న సెట్టు తీసి వైర్లు తగిలించి, అమ్మకం కోసం పెట్టిన పెద్ద స్పీకర్లలో పాట వేశాడు. అద్దాలు అదిరాయి. నా చెవులు దిమ్మెక్కిపోయాయి. మా ఆయన లేచి వెళ్లి అరచెయ్యి స్పీకరు మీద ఆనించాడు. ఆయన మొహం వెలిగిపోయింది. “ఇగో, గిది! గిది సౌండంటే! గుండెకు తగులుతున్నది సూడు” అన్నాడు. ఆయనకు పాట చేతిలోంచి, రొమ్ములోంచి మాత్రమే వెళ్తుంది. అది చూసి నాకు జాలేసింది. పోనీ, ఇదే కొనుక్కోనీ అనుకున్నాను. ఇలా పోనీ అనుకునే కదా ఇంతదాకా వచ్చాను.

దుకాణదారు హిందీలో గడగడా చెబుతున్నాడు. “భాయ్, ఇందులో బ్లూటూత్ ఉంది, పెన్ డ్రైవ్ పెట్టుకోవచ్చు, ఆక్స్ మాత్రం లేదు. చలేగా?” సాంచాల మనుషులకు ఒక అలవాటుంది. మాట అందకపోతే మళ్లీ అడగరు, తలూపేస్తారు. మోతలో ఎన్నిసార్లని అడుగుతారు? మా ఆయన అలాగే తలూపాడు. ఊపి, అలవాటుగా నా పెదాల వైపు చూశాడు.

నేను గొంతు లేకుండా చెప్పాను: “దీనికి ఆక్స్ లేదు. నా పాటలు రావు. చిన్న సెట్టు చూపెట్టుమను.”

అర్థమైంది ఆయనకు. అర్థమైందని కళ్లలో తెలిసింది. “నీ పాటలదేముందే! పెన్ డ్రైవ్ల ఏపిద్దాం తీ. నడిపేది నేను, ఇనేది నేను” అని, చూపు తిప్పి స్క్రీన్ వైపు పెట్టుకున్నాడు. పెన్ డ్రైవ్ మాట నా నోరు మూయించడానికేనని తెలుస్తూనే ఉంది. చూపు తిప్పితే చాలు, ఇక నేనెంత మాట్లాడినా ఆయన మటుకు మాట ఆగిపోయినట్టే. నా చెవులకు మాత్రం అలాంటి తలుపు లేదు.

దుకాణదారు పెట్టెలోంచి కొత్త సెట్టు తీస్తూ ఇంకేదో అడిగాడు. మా ఆయన మళ్లీ తలూపాడు. ఏం అడిగాడో నాకు వినబడింది. పాత స్పీకర్లు సరిపోవు, మార్చేయనా అని. ఆయన మళ్లీ నా వైపు చూశాడు. ఈసారి నా పెదాలు కదలలేదు. కదపకూడదని అనుకోలేదు, అలసిపోయాయి అంతే. అప్పుడు దుకాణదారుతో, నా జన్మలో మాట్లాడనంత మామూలు గొంతుతో అన్నాను.

“భాయ్, ఆయనకు వినబడదు. ఏమడగాలన్నా నన్ను అడగండి.”

దుకాణదారు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, మా ఆయన చెవి దగ్గరికి వంగి “కాకా! సునాయీ నహీ దేతా?” అని అరిచాడు. అంతదాకా భాయ్ అయినవాడు ఒక్క మాటతో ముసలి కాకా అయిపోయాడు. ఆ అరుపు ఆయనకు అందింది. మొహం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

“అరవకండి. ఎదురుగా నిలబడి మామూలుగా చెప్పండి, పెదాలు చూసి తెలుసుకుంటాడు” అన్నాను. ఇన్నేళ్లు నేను ఒక్కదాన్నే చేసిన పని, ఇంకెవరైనా చేయగలిగిందే.

మా ఆయన పెదాలతో అడిగాడు, “ఎందుకు చెప్పినవే?” షెడ్డులో కూర ఏమిటని అడిగిన పెదాలే. కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది.

“నేను అలిసిపోయిన” అన్నాను పైకే. ఎదురుగా ఉన్నాను కాబట్టి అందింది. “లారీ అస్తే భుజం తడుత. అది మానను. పాట మాత్రం నాకు ఇనబుద్ధైతున్నది.”

ఆయన తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చుని చేతుల వైపు చూసుకున్నాడు. దుకాణదారు ఈసారి నన్ను, గుజరాతీలో అక్కా అన్నట్టు, బెన్ అని పిలిచి అడిగాడు, “ఏది చూపించమంటారు బెన్?” అట్టడుగు అరలో దుమ్ము పట్టి ఉన్న చిన్న సెట్టు చూపించాను. ఒక్క గీత వెడల్పు డిస్‌ప్లే, పక్కనే గుండ్రటి రంధ్రం. దుకాణదారు దాన్ని తుడిచి, బల్ల మీద ఉన్న మామూలు స్పీకర్లకు తగిలించాడు. పర్సులోంచి ప్లేయరు తీసి, వైరు ఒక కొస దానికి, రెండో కొస ఆ రంధ్రంలో నేనే పెట్టాను. ఆమె గొంతు మొదలైంది. రోడ్డు మీద ఆటోల హారన్లూ వినబడుతున్నాయి, వాటి మధ్యలోంచి ఆమె కూడా. రెండు చెవులా వినబడుతోంది.

మా ఆయన లేచి వచ్చి స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. ఏమీ తగల్లేదు కాబోలు, నా వైపు తిరిగి “వస్తలేదు గదనే. పెంచుమను” అన్నాడు.

దుకాణదారు మీట మీద చెయ్యి వేసి నన్ను అడిగాడు, “పెంచనా బెన్?”

“వద్దు భాయ్” అన్నాను. “నాకు వినబడుతోంది.”