పాలిస్టర్ ఎందుకు పెరిగింది

చర్చి నుంచి రాగానే మా ఆయన శ్యాంసన్ ఆరు కాటన్ చొక్కాలూ ఉతికి గంజి పెట్టడం నా ఆదివారం పని. మా వీధికి ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తుంది. ఆ నీళ్ళలో సగం ఆ చొక్కాలకే పోతాయి. నేను కట్టేవన్నీ పాలిస్టర్ చీరలు. "నీకేంది యేసుమణీ, జాడిస్తే అరగంటలో ఆరిపోయే చీరలు," అంటుంది మా అత్త మగ్దలీనమ్మ. మే నెలలో నడుము చుట్టూ చెమటకాయలు లేచి మండుతుంటే ఆయనకి చూపించినాను. "పౌడర్ చల్లుకో. నాకైతే సింథటిక్ అసలు పడదు," అన్నాడు. పడకపోవడమనే సౌకర్యం ఒకటుంటుందని నాకప్పటిదాకా తోచలేదు.

ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను నేను. సోమవారం పాఠం, దేశంలో గుడ్డల ఉత్పత్తి. బోర్డు మీద గ్రాఫ్ గీసినాను. సింథటిక్ నేత గుడ్డ గీత ఏటేటా పైకే. కారణాలు రాయించినాను: ధర తక్కువ, మన్నిక ఎక్కువ, రంగు వెలిసిపోదు. పుల్లలచెరువు నుంచి వచ్చే అంజలి లేచింది.

"మా అమ్మ పాలిస్టర్ కట్టేది అందుక్కాదు మేడం. ఒక కాటన్ చీర జాడించే నీళ్ళతో మూడు పాలిస్టర్‌వి జాడిస్తది. నీళ్ళు మోసేది ఆమే కదా."

"మరి మీ నాయన?"

"నాయనవి కాటన్ పంచెలే మేడం. ఆయన ఉతుక్కోడు కదా."

క్లాసంతా నవ్వింది. పన్నెండేళ్ళుగా ఇదే పాఠం చెప్తున్నాను. ఆ గీత పైకి పోవడంలో మా బట్టలుతుకుడు సంగతి ఉందని ఒక్కసారీ తట్టలేదు. నేనూ ఆ గీతలోనే ఉన్నాను. నాలుగో కారణంగా అంజలి మాటే రాయించినాను.

సాయంత్రం రెండు కాటన్ చీరలు కొనుక్కున్నాను. ఆదివారం వాటికి గంజి పెట్టి ఆరేసినాను. శ్యాంసన్ బకెట్ వైపు చూసినాడు.

"నా చొక్కాలు మర్చిపోయినావు."

"మర్చిపోలేదు. గంజి ఉంది, మీరు పెట్టుకోండి."

"మగోడు ఉతుక్కోవాల్నా?" అంది అత్త.

"కాటనే కావాలంటే ఉతుక్కోవాల, అత్తమ్మా."

మాట వెనక్కి తీసుకోలేదు.

రెండు ఆదివారాలు ఆయన పళ్ళు బిగించి ఉతికినాడు. మూడో వారం ఒక కవరుతో వచ్చినాడు. లోపల మూడు పాలిస్టర్ చొక్కాలు.

"దుకాణమాయన చెప్పినాడు," అన్నాడు, నాకు తెలియని సంగతేదో చెప్తున్నట్టు. "ఇవి ఉతకడం చానా తేలికంట."

"ఔనా," అన్నాను.