చింతపండుతో తోమిన నల్లా

నేను ఒక ఇత్తడి నల్లాను. నాకు నోరున్నది నీళ్ళు పోయడానికే గానీ, ఇవాళ కాస్త ఉమ్మాలని ఉంది.

నిజాం కాలంలో, ప్లేగు పట్టిన ఇరుకు గల్లీలను కూల్చి, హైదరాబాదులో బీదవాళ్ళకు వరుస ఇళ్ళు కట్టించారు. గదిగదికీ కిటికీ, వెలుతురు. నక్షా గీసిన ఇంజనీరు ఇంగ్లండులో చదివొచ్చిన మనిషి. ఇళ్ళన్నీ నా వైపే చూసేలా నడివాకిట్లో నన్ను బిగించి, "ఒక్క నల్లా నీళ్ళు తాగితే అందరూ ఒక్కటైతరు" అని మురిసిపోయాడు. నేనూ నమ్మాను. కొత్త ఇత్తడిని కదా, బుద్ధి తక్కువ.

వారం తిరక్కముందే బిందెలు కులాలవారీగా బారులు తీరాయి. అన్నిటికన్నా వెనక ఎల్లవ్వ కుండ. వీధులూడ్చే ఎల్లవ్వ నన్ను ముట్టరాదట. ఎవరైనా దయతలచి ఎత్తి పోస్తేనే ఆమె కుండ నిండేది.

ఒక పొద్దున ఎల్లవ్వ బిడ్డకు కాన్పయింది. ఇంట్లో చుక్క నీళ్ళు లేవు.

"దొరసానీ, పసిగుడ్డుకు తానం పోయాలె. జర తిప్పుండ్రి."

"పురిటింటి నుంచొచ్చి నా మీద పడతవేందే? దూరం జరుగు!" అంది మడిచీరలో ఉన్న అనంతమ్మ.

ఎల్లవ్వ దూరం జరిగి కూర్చుంది. ఎండ వాకిట్లోకి వచ్చింది. తక్కినవాళ్ళూ పురుడని మొహం తిప్పుకున్నారు. లోపల పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. ఎల్లవ్వ లేచొచ్చి తన చేత్తోనే నన్ను తిప్పింది. కుండ నిండేదాకా ఆ చెయ్యి తీయలేదు.

"నల్లాను మైల చేసినవు గదనే ఎల్లీ!" అని అనంతమ్మ చింతపండు, ఇటుకపొడి తెచ్చి నా పిడిని తోలూడేలా తోమింది. మరునాడు ఎల్లవ్వ మళ్ళీ తిప్పింది. వాళ్ళు మళ్ళీ తోమారు.

"తోముండ్రి దొరసానీ, మంచిగ తోముండ్రి. రేపటికి నాకు తళతళలాడే నల్లా!" అని ఎల్లవ్వ నవ్వింది.

ఆమె మానలేదు, వాళ్ళూ మానలేదు. ఏళ్ళకేళ్ళు. ఆమె చేతికి చీపురు వాసన ఉండేది. అది నాకెన్నడూ రోత పుట్టించలేదు. ఆ చింతపండు పులుపు తలచుకుంటే మాత్రం ఇప్పటికీ కంపరమే.

ఇళ్ళు కూలాయి. పాత సామాను కొట్టులో కొన్నాళ్ళు దుమ్ము తిని, మ్యూజియంలో ఈ అద్దాల పెట్టెలో చేరాను. కింద పలక పెట్టారు: "అన్ని కులాలనూ కలిపిన నల్లా. వేల చేతుల ఆప్యాయతకు పిడి ఎంత అరిగిందో గమనించండి."

చదివినవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. నాకు డోకొస్తుంది. పిడి అరిగింది వేల చేతులు తాకి కాదు, ఒక్క చెయ్యి తాకిన జాడ చెరపబోయి.

అయ్యా, ఎవరైనా కాస్త చింతపండు తెచ్చి ఆ పలకను తోమండి.