నాలుగో నంబరు ఆయిల్

నేను ఒక గేరుబాక్సుని. పాత కారు ఎక్కడైనా కనబడితే మీరు దాని చుట్టూ తిరిగి చూస్తారు, బానెట్ మీద చెయ్యి వేసి ఫొటో దిగుతారు, హారన్ నొక్కి మురిసిపోతారు. ఆ కారు కింద, ఇంజనుకి వెనక, దుమ్మూ బురదా తింటూ వేలాడే నన్ను వంగి పలకరించిన పుణ్యాత్ముడు ఇంతవరకూ ఒక్కడే. నా ఆత్మకథలో సగం ఆయన కథే ఉంటుంది, ఏమీ అనుకోకండి.

నన్ను పోత పోసింది అరవై మూడులో. కారు పేరు చెప్పను, దానికి ఇప్పటికే పొగరెక్కువ. నా కడుపులో పళ్లచక్రాలతో పాటు మూడు ఇత్తడి రింగులు ఉంటాయి. ఒక చక్రం జోరుగా, ఇంకొకటి నింపాదిగా తిరుగుతుంటే, రెండింటికీ సర్దిచెప్పి కలిపేది ఆ రింగులే. అవి అరిగిపోతే చక్రాలు ఢీకొంటాయి, నేను గర్రుమని అరుస్తాను. అది తప్ప నాకు వేరే భాష రాదు.

మొదట నన్ను నడిపింది బాపట్లలో ఒక డాక్టరమ్మ. చెప్పులు విప్పి మరీ క్లచ్ తొక్కేది, ఆవిడ చల్లగా ఉండాలి. తర్వాత ఒక పొగాకు వ్యాపారి చేతిలో పడ్డాను. నాకు రెండో గేరు ఉందన్న సంగతే ఆయనకు తెలియదు, ఒకటి నుంచి మూడుకి దూకేవాడు. ఇరవై ఏళ్లు ఆయన్ని తిట్టుకుంటూ బతికాను. ఆయన పోయాక కారు ఒక పాకలో పడి ఉంటే, కోళ్లు అందులో గుడ్లు పెట్టుకున్నాయి.

ఆ కోళ్లను వెళ్లగొట్టి కారు కొన్నది నిడుమోలు అచ్యుతం మాస్టారు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. మంచివారు. కారంటే ఎంత ప్రేమో, కారు గురించి అంత తక్కువ తెలుసు. తాడు కట్టి లాగించుకుని మెకానిక్ కాలేషా షెడ్డుకి తీసుకొచ్చారు.

రైలు గేటు దాటాక రోడ్డు ఎడమకి మళ్లే చోట ఉంటుంది ఆ షెడ్డు. కాలేషా కారు కింద దూరి, నా ఒంటి మీద మట్టి గీకి, “ఏందమ్మా, ఇట్టా చేశారా నిన్ను?” అన్నాడు. అరవై ఏళ్లలో నన్ను అమ్మా అని పిలిచింది ఆయనే. రింగులు మూడూ పోయాయి. కొత్తవి ఎక్కడా దొరకలేదు. చివరికి ఇత్తడి దిమ్మె తెప్పించి, లేతు మిషను మీద తిప్పించి, మూడు వారాలు కూర్చుని ఆకురాయితో తనే సానబట్టి తొడిగాడు.

ఆయిల్ పోస్తూ మాస్టారికి చెప్పాడు. “దీనికి నాలుగో నంబరు ఆయిలే పొయ్యాలి మాస్టారూ. డబ్బా మీద జీఎల్ ఫోర్ అని ఉంటది. మర్చిపోబాకండి.”

తర్వాత ఇద్దరూ టీ తాగారు. కాలేషా చేతిలో గ్లాసు వణికి, టీ సాసర్‌లోకి ఒలికింది. ఆయన దాన్నే చూస్తూ అన్నాడు. “అరవై ఆరొచ్చినయ్ మాస్టారూ. చెయ్యి మాట వినట్లేదు. ఈ బాక్సు అరవకుండా తిరిగినంతకాలం షెడ్డు తీస్తా. అరిచిన రోజున ఇక నాకు పని రానట్టే. తాళమేసి ఇంట్లో కూర్చుంటా.”

ఆ మాటతో నాకు బాధ్యత పెరిగింది. రోజూ కాలేజీకి వెళ్తూ ఆ మలుపులో మాస్టారు మూడు నుంచి రెండుకి మార్చేవారు. నేను కిక్కురుమనేదాన్ని కాదు. షెడ్డులో కాలేషా తలెత్తకుండా పని చేసుకునేవాడు.

దసరా వచ్చింది. మాస్టారు కారుకి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. అంతటితో ప్రేమ తీరలేదు. పండక్కి ఇంట్లో అందరికీ కొత్త బట్టలు కొన్నాం, కారుకి కొత్త ఆయిలైనా పోయించాలి కదా అనుకుని, గుంటూరులో కొత్తగా పెట్టిన ఒక ఆయిల్ షాపుకి తీసుకెళ్లారు. షాపతను మెరిసే డబ్బా చూపించి, “ఐదో నంబరు సార్, లేటెస్టు” అన్నాడు. నాలుగంటే కనీసం నాలుగు ఉండాలని మాస్టారు అర్థం చేసుకున్నారు. ఐదు ఇంకా ఎక్కువే కదా! లెక్కలు వచ్చినవాళ్లతో ఇదే చిక్కు.

ఆ ఆయిల్ చెడ్డదని నేననను. కారు వెనక ఇరుసు దగ్గర ఇంకో గేర్ల డబ్బా ఉంటుంది, దానికి అమృతమే. కానీ అందులో గంధకం మందు ఎక్కువ. ఇనుముకి కాపలా కాసే ఆ మందే ఇత్తడిని కొరుక్కు తింటుంది. కాలేషా సానబట్టిన రింగులు నా కడుపులోనే పొడిపొడిగా రాలిపోతుంటే, చెప్పుకోవడానికి నోరు లేక కుమిలిపోయాను.

ఎనిమిది నెలలు బిగబట్టాను. ఒక సోమవారం పొద్దున సరిగ్గా ఆ మలుపులోనే నా వల్ల కాలేదు. గర్రుమన్నాను.

షెడ్డులో కాలేషా తలెత్తాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను.

ఆ వారమంతా ఆ మలుపులో అరుస్తూనే ఉన్నాను. శనివారం మాస్టారు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపారు. కాలేషా అప్పటికే పానాలన్నీ తుడిచి గోతాంలో సర్దేస్తున్నాడు.

“వేరే మంచి మెకానిక్కుకి చూపించండి మాస్టారూ. నా చెయ్యి అయిపోయింది.”

“ఒక్కసారి విప్పి చూడు కాలేషా.”

“చూసేదేముంది? బిగించింది నేనే గదా.”

ఆయిల్ మార్పించిన మాట మాస్టారు అప్పటికీ చెప్పలేదు. ఇంకొకరి చేత పని చేయించానంటే ఈయన నొచ్చుకుంటాడని ఎనిమిది నెలలుగా దాచారు. దానికీ ఈ అరుపుకీ సంబంధం ఉంటుందని తట్టనే లేదు. “నాకోసం” అని మాత్రం బతిమాలారు. కాలేషా విసుగ్గా కారు కింద దూరి, నా కింది బోల్టు విప్పి, టీ సాసర్‌లోకి కాస్త ఆయిల్ పట్టాడు.

ముందు వాసన చూశాడు. కాల్చిన అగ్గిపుల్ల వాసన. మళ్లీ చూశాడు. బయటికొచ్చి సాసర్‌ని ఎండలో పెడితే అడుగున బంగారం రంగు పొడి మెరిసింది. జేబులోంచి అయస్కాంతం తీసి అందులో తిప్పాడు. దానికేమీ అంటలేదు.

“ఇనప రజను అంటుకుంటే నా బిగింపు తప్పు, చక్రాలు కొరుక్కున్నట్టు. ఇది ఇత్తడి. రింగుల్ని ఆయిలే తినేసింది.” నెమ్మదిగా మాస్టారి వైపు తిరిగాడు. “ఇది నేను పోసిన ఆయిల్ కాదు.”

నాకు భయమేసింది. మాస్టారు నాకేం తెలుసు అనేస్తే, తన డబ్బాలోనే ఏదో కల్తీ జరిగిందనుకుని ఆ మనిషి నిజంగానే తాళం వేసుకునేవాడు. మాస్టారు ఆ పని చెయ్యలేదు.

“నేనే పోయించాను కాలేషా. గుంటూరులో, దసరాకి. నాలుగు కంటే ఐదు ఎక్కువ కదా అనుకున్నాను. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. తప్పు నాది, నీ చేతిది కాదు.”

కాలేషా తన రెండు చేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. ఆ ఏడుపులోనే కోపమూ వచ్చింది.

“వారం నుంచి అన్నం సహించట్లేదయ్యా నాకు! పిల్లకాయలకి లెక్కలు ఎట్టా చెబుతున్నారు మీరు?”

మాస్టారు గోతాంలోంచి పానాలు ఒక్కొక్కటీ తీసి మళ్లీ గోడకి తగిలించడం మొదలుపెట్టారు. ఒక్కటీ సరైన మేకుకి తగిలించలేదనుకోండి.

మళ్లీ ఇత్తడి దిమ్మె వచ్చింది. మళ్లీ మూడు వారాలు పట్టింది. గ్లాసు పట్టుకుంటే వణికిన చెయ్యి ఆకురాయి పట్టుకుంటే వణకలేదు, దగ్గరుండి చూశాను కనుక చెబుతున్నాను. ఆయిల్ పోసే రోజున మాస్టారు తెల్ల రంగు తెచ్చి, పిల్లవాడి చేత ఇంపోజిషన్ రాయించినట్టు నా వీపు మీద తనే రాశారు. “నాలుగు అంటే నాలుగే.”

ఇప్పుడు రోజూ పొద్దున రైలు గేటు దాటి ఆ మలుపు దగ్గరికి వస్తాం. మాస్టారు ఊపిరి బిగబట్టి మూడు నుంచి రెండుకి మారుస్తారు. నేను నోరు మెదపను. షెడ్డులో కాలేషా తలెత్తడు.

ఆయన తలెత్తకపోవడం కంటే నాకు వేరే మెప్పు అక్కర్లేదు.