బాణమా, నిలువు గీతా?

ఆ ఇంటి ముందుగదిలో పొద్దున్నే చేసే మొదటి పని, బల్ల మీది టీ గ్లాసులు పక్కకు జరపడం. కంప్యూటర్లు వెయ్యగానే తెరమీది పేర్లు చీమల్లా కిందికి దిగి, ఒక ప్రోగ్రాం దగ్గర్నుంచి ఇంకో ప్రోగ్రాం దగ్గరికి బల్లమీదుగా నడిచిపోతాయి మరి. పిన్ని బల్ల తుడుస్తూ వాటికి దారిస్తుంది, అంతే.

పెదనాన్నది సాఫ్ట్‌వేర్ తయారీ. ఇప్పుడు చేస్తున్న కొత్త షెల్‌లో, అంటే కంప్యూటర్‌కి ఆదేశాలు కొట్టే ప్రోగ్రాంలో, ఒక ఆదేశం తేల్చిన ఫలితాన్ని తర్వాతి ఆదేశానికి అందించాలంటే నడుమ ఏ గుర్తు పెట్టాలి? అన్నయ్య బాణం అన్నాడు. పటాసు నిలువు గీత అంది. ఇంట్లో ఆ పిల్లని అందరూ పిలిచే పేరదే, నోరు అలాంటిది. ఆ నోటితోనే పందెం కాసేసింది: ఓడితే ప్రోగ్రాములు రాయడం మానేసి పక్కగదిలో కొన్నవాళ్ళ ఫోన్లెత్తుతానని!

"బాణమైతే పసిపిల్లకైనా అర్థమవుతుందే. నీ గీత గోడ కట్టినట్టుంది."

"గోడ కాదన్నయ్యా, గుమ్మం! బాణానికి ఇప్పటికే ఓ పనుంది, ఫలితాన్ని ఫైల్లో పొయ్యడం. ఒకే మనిషిని వంటకీ కాపలాకీ పెడితే కూరా మాడుతుంది, దొంగా దూరతాడు."

"ఈ వాగుడు దాచుకో, ఫోన్ల దగ్గర పనికొస్తుంది."

"అరుపులెందుకర్రా, కొట్టి చూడండి," అన్నాడు పెదనాన్న.

అన్నయ్య పేర్ల జాబితా, బాణం, వరుసపెట్టే ప్రోగ్రాం అని కొట్టాడు. పేర్లు బిలబిలా దిగి, ఆ ప్రోగ్రాంని ఫైలే అనుకుని దానిమీదే పడి కూర్చున్నాయి. ప్రోగ్రాం తుడిచిపెట్టుకుపోయింది.

"ఒరేయ్, నా కష్టంరా అది!" పెదనాన్న నెత్తి బాదుకుంటూ పాత నకలు తెచ్చిపెట్టాడు.

"ముందున్నది ఫైలో ప్రోగ్రామో బాణానికి చెప్తే సరి," అన్నాడు అన్నయ్య, తగ్గకుండా.

"ఎవరు చెప్తారన్నయ్యా? కొన్నవాళ్ళ ఇంటింటికీ నువ్వెళ్ళి చెప్తావా?"

పటాసు బాణం చోట నిలువు గీత కొట్టింది. పేర్లు గీత దాకా వచ్చి ఆగిపోయాయి.

"చెప్పానా, గోడేనని!"

అంతలో ఓ చిన్న పేరు ఒళ్ళు పక్కకు తిప్పి గీతలో దూరింది. దాని వెనకే ఇంకోటి, ఆ వెనక పొలోమని అన్నీ! అవతల అకారాది వరుసలో బయటికొచ్చాయి. పటాసు ఊరుకుంటుందా? ఇంకో గీత, లెక్కపెట్టు. ఇంకో గీత, అచ్చువెయ్యి!

"పిన్నీ, రా, చూద్దువుగాని!"

పని అయ్యాక పేర్లు తెరెక్కలేదు. వరుస చెడకుండా బల్లకోడు వెంట దిగి, బల్ల చివర, ఫోన్ల గది గుమ్మం పక్కనున్న ఆమె కుర్చీ కిందికి చేరాయి. ఆమెతో సహా దాన్ని ఎత్తుకుని, మెల్లగా తెచ్చి బల్ల ముందు నడుమన, పెదనాన్న పక్కన దించాయి.

పెదనాన్న తన కుర్చీ కాస్త జరుపుకుని చోటిచ్చాడు.

"ఊఁ, తర్వాతేంటమ్మా?"