నడుమెత్తు గోడ

మా ఆయన లోకనాథం ఏ ఇల్లు కట్టినా మరుగుదొడ్డి ముందు కట్టేవాడు. మిగతా మేస్త్రీలు దాన్ని చివరికి వదిలేసేవాళ్ళు. ఆయనకు పెద్దపేగులో పుండ్లు. వచ్చిందంటే ఆగదు, రక్తం కూడా పడుతుంది. జబ్బు పూర్తిగా పోదు, మందులతో నెట్టుకురావాలన్నాడు డాక్టరు. వికలాంగుల కార్డు అడగబోతే ఆఫీసులో ఆయన కాళ్ళూ చేతులూ చూసి నవ్వి పంపారు. పేగు తీసి చూపించలేం కదా!

తోలు కంపెనీల డబ్బుతో వేలూరులో వీధివీధినా కొత్త ఇళ్ళు లేస్తున్న రోజులవి. మా ఊరు గుడియాత్తం నుంచి పొద్దున్నే బస్సెక్కేవాళ్ళం. దారిలో అవసరం పడుతుందని ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఆయన తాపీ పట్టేవాడు, నేను ఇటుకలూ సిమెంటూ మోసేదాన్ని. ఈ పనిలో ఆడవాళ్ళు తాపీ ముట్టకూడదు. ముడితే గోడ నిలవదట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఇందుమతమ్మ కట్టిస్తున్న ఇంట్లోనూ ఆయన మరుగుదొడ్డి కట్టి బేసిన్ ముందే అమర్చాడు. ఒకరోజు పని చూడటానికి వచ్చిన ఆమె, ఆయన మరుగుదొడ్డిలోంచి బయటికి రావడం చూసింది.

"ఇంట్లో ఇంకా పాలు పొంగలేదు, అప్పుడే మైల చేసినాడే!" అని వీధంతా వినేలా అరిచింది.

"ఆయనకు ఒళ్ళు బాగలేదమ్మా. శుభ్రంగా కడిగేసినాడు" అన్నాను.

"బాగలేనోడు ఇంట్లో పడుండాల."

పెద్ద మేస్త్రి జయరామయ్య నేల చూపులు చూస్తూ, "లోకనాథం, రేపట్నుంచి నువ్వు రావద్దు నాయనా. పంకజం మాత్రం రానీ" అన్నాడు. అందరి ముందూ ఆయన తాపీ కడుక్కుని సంచిలో వేసుకున్నాడు. ఆమె మీద కంటే, అలా లొంగిపోయిన మా ఆయన మీదే నాకు కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

ఆమె పసుపునీళ్ళు చల్లించి, బేసిన్ పెరికించి వీధిలో పారేయించింది. సాయంత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"మూసుకో అప్పా, టిక్కెట్టు మాత్రం ఇయ్యి" అన్నాను.

ఊరందరికీ కట్టినవాడికి సొంతింట్లో మరుగుదొడ్డి లేదు, వెనక పొదలే గతి. గుంత నేను తవ్వాను. ఆయన బేసిన్ కూర్చోబెట్టి గోడ మొదలుపెట్టాడు. ఆయన పని పోయాక మందులు కొనలేకపోయాం. గోడ నడుమెత్తు లేచేసరికి నీరసించిన ఆయన చేతిలోంచి ఇటుక జారిపోయింది.

"పంకజం, తాపీ పట్టు."

"నేనా? నిలవదంటారే!"

"నిలుస్తాది. ఇన్నేండ్లు నా పక్కనే ఉండి చూసినావు కదా."

ఆయన నేలమీద కూర్చుని చెబుతుంటే నేను పేర్చాను. వంకరగా వచ్చింది. కప్పు వేసేలోగా ఆయన పోయాడు.

గోడ నిలిచే ఉంది. నడుము దాకా ఆయన వరసలు, ఆపైన నావి. పూత పూయిస్తే వంకర కనబడదని అందరూ చెబుతారు. నేను పూయించలేదు. ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో నాకు కనబడాలి.